విశాఖకు శాశ్వత సమావేశ కేంద్రం కట్టాలా? కట్టే ముందు ఏ లెక్క చూడాలి?

గోస్తని
శనివారం, ఉదయం 7:40

2025 నవంబరు 14, 15 తేదీల్లో భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) భాగస్వామ్య సదస్సు విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాల మైదానంలో జరిగింది. 2023 మార్చిలో ప్రపంచ పెట్టుబడిదారుల సదస్సు కూడా అక్కడే జరిగింది. అంతకుముందు 2016, 2017, 2018లో వరుసగా మూడేళ్ళు భాగస్వామ్య సదస్సులకు హార్బర్ పార్కు దగ్గరి ఏపీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ) మైదానం వేదికయింది. ఐదుసార్లూ ఒకటే తతంగం. జర్మన్ హ్యాంగర్లు, అంటే చట్రాల మీద నిలిపే పెద్ద గుడారాలు, లారీల్లో దిగడం, ఏసీలు బిగించడం, తివాచీలు పరచడం, సదస్సు ముగియగానే అంతా విప్పి మళ్ళీ లారీలకెక్కించడం.

నేను పెదవాల్తేరులో పుట్టి పెరిగినదాన్ని. ఇంత పెద్ద తీరనగరంలో దేశవిదేశాల వాళ్ళు కూర్చోవడానికి ఒక శాశ్వతమైన చోటు లేదంటే నాకు మనసు చివుక్కుమంటుంది. హైదరాబాదుకు 2006లోనే అంతర్జాతీయ సమావేశ కేంద్రం (హెచ్ఐసీసీ) వచ్చింది. ఢిల్లీలో 2023లో భారత్ మండపం, యశోభూమి అనే రెండు సమావేశ కేంద్రాలను రెండు నెలల తేడాతో తెరిచారు. ఐదుసార్లు కట్టి విప్పిన ఖర్చుతో మనకూ ఒక భవనం లేచి ఉండేది కదా అని నా బాధ. ఈ విషయం తెలిసినవాళ్ళు చెప్పండి: ఒక నగరానికి ఇలాంటి కేంద్రం అవసరమో కాదో ఏం చూసి నిర్ణయించాలి?


పందిరిరాట
శనివారం, ఉదయం 8:55

గోస్తని గారూ, మాది గాజువాక. మా నాన్నగారు షామియానా సప్లయర్స్ కొట్టు పెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. నా మాటలో నా బతుకుతెరువు కూడా ఉంటుంది, అది దాచను.

మీరు చెప్పిన ఐదు సదస్సుల రోజులు వేళ్ళమీద లెక్కపెట్టండి. 2016 జనవరిలో మూడు, 2017 జనవరిలో రెండు, 2018 ఫిబ్రవరిలో మూడు, 2023 మార్చిలో రెండు, ఇప్పుడు రెండు. మొత్తం పన్నెండు. పదేళ్ళలో పన్నెండు రోజుల పని ఇది. పందిరి వేయవలసిన చోట పందిరే వేస్తారు. పెళ్ళికి ముందు ఇంటి ముంగిట తాటాకు పందిరి వేసే మన పెద్దవాళ్ళు డబ్బు లేక అలా చేయలేదు. ఐదు రోజుల అవసరానికి గోడలు ఎందుకన్నది వాళ్ళకు తెలుసు.

ఇంకో సంగతి. జీ20 మౌలిక సదుపాయాల బృందం సమావేశం 2023 మార్చి చివరలో మన ఊళ్ళోనే జరిగింది. అదే ఏడాది నవంబరులో నీటిపారుదల, మురుగునీటి పారుదలపై 25వ అంతర్జాతీయ మహాసభ జరిగింది. రెండూ రుషికొండ వైపు హోటల్లో ఇమిడిపోయాయి. వాటికోసం ఎవరూ కొత్తగా ఇటుక పేర్చలేదు.


లెక్కలపద్దు
శనివారం, ఉదయం 10:20

నేను ఆడిటరును. పందిరిరాట గారు రోజులు లెక్కపెట్టారు, సరైన చోట మొదలుపెట్టారు. డబ్బు వైపు నుంచి నేను కొనసాగిస్తాను. ఇవి ఏ ప్రాజెక్టు అంకెలూ కావు, లెక్క కోసం అనుకుంటున్నవి.

భవనానికి 300 కోట్లు అయిందనుకుందాం. అప్పు తెచ్చినా, ఖజానాలోంచి తీసినా ఆ డబ్బుకు ఏడాదికి 9 శాతం వడ్డీ కట్టుకోవాలి. అంటే 27 కోట్లు. ఏడాదిలో 365 రోజులూ నిండితే రోజుకు సుమారు 7 లక్షల 40 వేలు పడుతుంది. ప్రపంచంలో ఏ హాలూ 365 రోజులు నిండదు. ఒక సదస్సుకు ముందు స్టాళ్ళు వేయడానికి రెండు రోజులు, తర్వాత విప్పడానికి ఒక రోజు పోతాయి. 120 రోజులు నిండితే రోజుకు 22 లక్షల 50 వేలు. ఇది ఒట్టి వడ్డీ. అసలు తీర్చడం, కరెంటు బిల్లు, జీతాలు, ఉప్పుగాలికి తుప్పు పట్టే ఏసీ యంత్రాలు మార్చడం ఇంకా కలపలేదు.

మన ఊళ్ళో ఒక వైద్యుల సంఘమో, ఇంజనీర్ల సంఘమో రోజుకు 22 లక్షలు కట్టగలదా? కట్టలేదు. కాబట్టి అద్దె తగ్గిస్తారు. తగ్గించిన మేరకు నష్టాన్ని ఎవరో భరించాలి. ఆ ఎవరో అన్నది నగరపాలక సంస్థా, రాష్ట్రమా, ప్రైవేటు సంస్థా అన్నది ఒప్పందంలో మొదటి పేజీలో ఉండాలి. నేను చూసిన ప్రాజెక్టు నివేదికల్లో ఆ మాట చివరి అనుబంధంలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఒకటి ఒప్పుకుంటాను. ఇలాంటి కేంద్రాన్ని హాలు అద్దెతోనే తూచకూడదు. బయటి ఊరి మనిషి మూడు రాత్రులు ఇక్కడ పడుకుంటే హోటలుకు, ఆటోకు, మాడుగుల హల్వా అమ్మే కొట్టుకు డబ్బు చేరుతుంది. అయితే ఆ మనిషి నిజంగా బయటి ఊరివాడై ఉండాలి. ఎంవీపీ కాలనీ పెళ్ళి పాత కల్యాణమండపం నుంచి కొత్త హాలుకు మారితే నగరానికి కొత్తగా రూపాయి రాలేదు, ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకి మారిందంతే. నివేదికలు ఈ రెండింటినీ ఒకే గంపలో వేస్తాయి. నన్ను అడిగితే, నివేదిక తెరవగానే ముందు ఆ గంప విప్పి చూడాలి.


మాదాపూర్ మిత్రుడు
శనివారం, మధ్యాహ్నం 12:05

హెచ్ఐసీసీ పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణితశాస్త్రవేత్తల మహాసభ అక్కడ జరిగినప్పుడు నేను ఎం.ఎస్.సి. విద్యార్థిని, స్వచ్ఛంద కార్యకర్తగా పనిచేశాను. తొమ్మిది రోజుల సభ. పుస్తకాల్లో సిద్ధాంతాల పక్కన పేర్లుగా చూసినవాళ్ళు కాఫీ కోసం వరుసలో నిలబడి ఉంటే చూసినవాణ్ణి నేను. అలాంటి భవనం ఒక ఊరి పిల్లలకు ఏం ఇస్తుందో రూపాయల్లో చెప్పలేను, కానీ అది నిజం. లెక్కలపద్దు గారు దానికి కూడా ఒక గడి ఉంచాలని కోరుతున్నాను.

ఇక హైదరాబాదులో అది ఎందుకు నిలిచిందన్నది చూడాలి. 2006 మేలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం అక్కడ జరిగింది. 2007లో అంతర్జాతీయ వ్యోమయాన మహాసభ, 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పంద దేశాల పదకొండో సమావేశం, 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు. ఇవన్నీ పత్రికలకెక్కినవి. కానీ ఏడాది పొడుగునా దీపాలు వెలిగించేవి ఇవి కావు. మందుల కంపెనీల పంపిణీదారుల సమావేశాలు, సాఫ్ట్‌వేర్ సంస్థల వార్షికోత్సవాలు, వైద్యుల సదస్సులు. అవి చుట్టుపక్కల ఐదు కిలోమీటర్లలో పుడతాయి. హాలును ఆనుకొని హోటలు ఉంది, కాబట్టి వక్త గదిలోంచి వేదికకు నడిచి వస్తాడు. వస్తుప్రదర్శనలకు హైటెక్స్ 2003 నుంచే పక్కన ఉంది. పెద్ద హాలు 6,480 చదరపు మీటర్లు, మధ్యలో ఒక్క స్తంభం లేదు, తడికెలు లాగితే ఆరు ముక్కలవుతుంది. అంటే మూడు వందల మంది వచ్చినా ఆరు వేల మంది వచ్చినా వెలితిగా కనబడదు.

ఇంకో మాట. మెట్రో హైటెక్ సిటీ దాకా వచ్చింది 2019 మార్చిలో. అంటే పదమూడేళ్ళు మెట్రో లేకుండానే నడిచింది. కాబట్టి అన్నీ అమరాకే కట్టాలన్న వాదనను నేను ఒప్పుకోను. కొన్ని తర్వాత వస్తాయి. ఏవి ముందు ఉండాలి, ఏవి తర్వాత వచ్చినా సరిపోతుంది అన్నదే విశాఖ విషయంలో తేల్చవలసింది.


భీమిలి దారి
శనివారం, మధ్యాహ్నం 12:40

ముందు ఉండవలసింది విమానం. మన విమానాశ్రయం నౌకాదళం స్థావరంలో ఉంది. నేరుగా దిగే విదేశీ విమానాలు బహు తక్కువ. భోగాపురం విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన చేశారు. అది పూర్తిగా నడిచి, దారి కుదురుకున్నాక విశాఖకు ఎవరు వస్తారో, ఎంతమంది వస్తారో అంతా మారుతుంది. దానికి ముందు వేసిన ఏ అంచనా అయినా పాత చొక్కా కొలతలతో పిల్లవాడికి కొత్త బట్టలు కుట్టించడం వంటిది.

రుషికొండ సంగతి కూడా ఎవరో ఒకరు ఎత్తాలి. పర్యాటక శాఖ రిసార్టు తీసేసి కొండమీద వందల కోట్లతో భవనాలు కట్టారు, 2024 ఫిబ్రవరి చివరలో ప్రారంభించారు. ఆ తర్వాత ఎన్నో నెలల పాటు వాటిని దేనికి వాడాలో తేలలేదు. వాడకం తేల్చకుండా భవనం కట్టకూడదని చెప్పడానికి మనకు అమెరికా ఉదాహరణలు అక్కర్లేదు.


నిర్వాహకురాలు
శనివారం, మధ్యాహ్నం 1:15

రుషికొండ ప్రస్తావన విషయానికి సంబంధించినదే, ఉంచుతున్నాను. అయితే పార్టీల మధ్య వాదనగా మారిస్తే తొలగిస్తాను. భవనాల గురించి, వాడకం గురించి రాయండి.


బెజవాడ పాఠకుడు
శనివారం, సాయంత్రం 4:30

విశాఖవాసిని కాను, అయినా ఒక అనుభవం చెప్పుకోవాలి.

విజయవాడలో స్వరాజ్య మైదానం ఉండేది. పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అని కూడా అనేవాళ్ళం. ఏటా జనవరి వచ్చిందంటే పుస్తక మహోత్సవం అక్కడే. నా పదకొండో ఏట మా నాన్నగారి చెయ్యి పట్టుకొని ఆ మట్టి మీద నడిచాను. చలి, వేరుసెనగల వాసన, కొత్త పుస్తకాల వాసన కలిసి ఉండేవి. ఒక నెల పుస్తకాలు, ఇంకో నెల చేనేత, ఇంకో నెల సర్కసు. ఆ మైదానానికి ఏసీ లేదు, తలుపు లేదు, పెద్ద అద్దెలు లేవు. అయినా మా ఊరి సమావేశ కేంద్రం అదే.

ఇప్పుడు అక్కడ సుమారు 18 ఎకరాల 80 సెంట్లలో అంబేడ్కర్ స్మృతివనం ఉంది. 2024 జనవరి 19న ప్రారంభించారు. 125 అడుగుల విగ్రహం, కింద 81 అడుగుల పీఠం. ఆ మహనీయుడి స్మారకం మా ఊళ్ళో ఉండటం నాకు గర్వకారణం, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. అందులో రెండువేల మంది పట్టే సమావేశ మందిరం కూడా పెట్టారు. కానీ పుస్తక మహోత్సవం చోటు వెతుక్కోవలసి వచ్చింది. 2025లో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో జరిగింది. రెండు వేల కుర్చీల ఏసీ మందిరం పుస్తకాల స్టాళ్ళకు ఏం ఉపయోగం? వాటికి కావలసింది చదునైన నేల, అందరికీ తెరిచిన దారి, కారు లేనివాళ్ళు కూడా బస్సు దిగి నడిచి వచ్చేంత దగ్గరతనం.

కొత్త భవనం వల్ల ఏం వస్తుందో లెక్కించేటప్పుడు, ఆ నేల మీద ఇప్పటికే ఏం జరుగుతోందో కూడా రాసిపెట్టండి. ఏ నివేదికలోనూ ఖాళీ మైదానానికి విలువ కట్టరు. "ఖాళీ స్థలం" అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు.


మిస్సోరి తెలుగు
ఆదివారం, ఉదయం 6:10

సెయింట్ లూయిస్‌లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను. 2017 మేలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మహాసభలు మా ఊళ్ళో, నగరం నడిబొడ్డున ఉన్న అమెరికాస్ సెంటర్‌లో జరిగాయి. భోజనాల కమిటీలో పనిచేశాను. మూడు రోజుల పాటు పట్టుచీరలు, పులిహోర, కూచిపూడి గజ్జెలు. ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు దిగాయి. చుట్టుపక్కల హోటళ్ళు మనవాళ్ళతో కళకళలాడాయి. అది చూసినవాళ్ళెవరైనా "ఇలాంటివి ఇంకో పది కట్టండి" అంటారు.

తర్వాత జరిగింది చూడండి. తానా రెండేళ్ళకోసారి ఊరు మారుస్తుంది. 2019లో వాషింగ్టన్, 2023లో ఫిలడెల్ఫియా, 2025లో డెట్రాయిట్ దగ్గరి నోవై. అంటే మేము ఒకసారి వచ్చి వెళ్ళిపోయే అతిథులం. అలాంటి అతిథుల కోసం అన్ని ఊళ్ళూ పోటీపడతాయి. హాలు అద్దెలో తగ్గింపు ఇస్తారు, గదుల రేటు తగ్గిస్తారు. ఆ తగ్గింపుల భారం ఆ ఊరి ప్రజలదే.

అదే ప్రాంగణాన్ని ఆనుకొని ఒక పెద్ద గుమ్మటం స్టేడియం ఉంది. 1995లో ప్రజాధనంతో కట్టారు, ఫుట్‌బాల్ జట్టు వస్తుందని. జట్టు వచ్చింది. 2016లో లాస్ ఏంజెలెస్‌కు వెళ్ళిపోయింది. జట్టు వెళ్ళాక కూడా రాష్ట్రం, నగరం, కౌంటీ ఏళ్ళ తరబడి ఆ కట్టడం కిస్తులు కడుతూనే వచ్చాయి. నా ఇంటి పన్ను రసీదు చూసుకున్నప్పుడల్లా అది గుర్తొచ్చేది.

హేవుడ్ సాండర్స్ అని టెక్సస్ విశ్వవిద్యాలయం శాన్ ఆంటోనియోలో ఆచార్యులుగా పనిచేశారు. 2005లో బ్రూకింగ్స్ పరిశోధన సంస్థ కోసం ఆయన రాసిన నివేదిక ఇక్కడ పెద్ద చర్చ రేపింది. 1990 తర్వాత అమెరికాలో సమావేశ కేంద్రాల ప్రదర్శనశాలల వైశాల్యం యాభై శాతానికి పైగా పెరిగితే, పెద్ద వాణిజ్య ప్రదర్శనలకు వచ్చే జనం మాత్రం 1993 నాటి స్థాయిలోనే ఉండిపోయారని ఆయన చూపించారు. ప్రతి ఊరూ "మా భవనం చిన్నది కాబట్టి జనం రావడం లేదు" అని పెంచుకుంటూ పోయింది. జనం మాత్రం అంతే ఉన్నారు, పంచుకునే ఊళ్ళు పెరిగాయి.

భారతదేశం అమెరికా కాదు, అక్కడ ఇంకా పెరుగుదల ఉంది, ఒప్పుకుంటాను. కానీ సలహాదారు ఇచ్చే అంచనాలో ఒక ప్రశ్న అడగండి: ఇదే సలహాదారు ఇంతకు ముందు ఏ ఊరికి అంచనా ఇచ్చారు, అక్కడ చెప్పినదెంత, నిజంగా వచ్చినదెంత? ఆ ఒక్క పట్టిక తెప్పించుకోండి చాలు.


తెరవెనుక
ఆదివారం, ఉదయం 9:30

అందరూ వేలమంది గురించి మాట్లాడుతున్నారు. నేను మూడు వందల మంది గురించి మాట్లాడతాను.

పద్దెనిమిదేళ్ళుగా నాటకాలు వేస్తున్నాను. కళాభారతి, గురజాడ కళాక్షేత్రం, సిరిపురంలోని చిల్డ్రన్స్ ఎరీనా మన ఊళ్ళో ఉన్నాయి, ఉన్నందుకు సంతోషమే. కానీ శనాదివారాలు దొరకడం మహా కష్టం. ఒకసారి నగరంలోని ఒక హాలు మూడు నెలల ముందే మాట్లాడుకున్నాం. నాలుగు రోజుల ముందు ఫోను వచ్చింది, ఏదో అధికారిక కార్యక్రమం పడింది, మీ తేదీ రద్దు అని. టిక్కెట్లు అమ్మేశాం. రాజమహేంద్రవరం నుంచి రావలసిన హార్మోనిస్టుకు బయానా ఇచ్చేశాం. ఆ రాత్రి మా బృందంలో అందరికంటే చిన్నమ్మాయి ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

పెద్ద కేంద్రం కడితే మాకు ఒరిగేదేమిటి? అందులో మూడు వందల యాభై కుర్చీల చిన్న రంగస్థలం ఉంటుందా? దానికి వేషాలు వేసుకునే గది ఉంటుందా, తెర లాగే తాడు ఉంటుందా, మైకు లేకుండా చివరి వరుసకు మాట వినిపిస్తుందా? స్థానిక సంఘాలకు ఏడాదికి ఇన్ని రోజులు, ఇంత అద్దెకు అని ఒప్పందంలో రాస్తారా? రాయకపోతే ఆ భవనం మా ఊళ్ళో ఉంటుంది గానీ మాది కాదు.


స్టాలు నంబరు 7
ఆదివారం, ఉదయం 11:00

వస్తుప్రదర్శనలకు స్టాళ్ళు కట్టే పనిలో ఉన్నాను. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ తిరుగుతుంటాను. బొమ్మల్లో అందంగా కనబడే భవనాల్లో పనిచేయడం ఎంత కష్టమో మా కూలీలకు తెలుసు.

అడగవలసినవి నాలుగు ముక్కల్లో. నేల ఎంత బరువు మోస్తుంది? రొయ్యల చెరువుల ఏరేటర్ల ప్రదర్శన వేరు, ఓడల విడిభాగాల ప్రదర్శన వేరు. లారీ నేరుగా హాలు లోపలికి వస్తుందా, లేక సరుకు లిఫ్టులో మోసుకెళ్ళాలా? నేలలో ప్రతి కొన్ని మీటర్లకూ కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ గుంటలు ఉన్నాయా? రాత్రంతా పనిచేసే మనుషులకు స్నానాల గది, పడుకునే చోటు ఉందా? నాలుగోది ఎవరూ అడగరు. వందమంది వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు మూడు రాత్రులు ఫుట్‌పాత్ మీద పడుకొని లేచి కట్టిన స్టాళ్ళనే పెద్దమనుషులు రిబ్బను కత్తిరించి ప్రారంభిస్తారు.

విశాఖకు ఏం సరిపోతుందంటే నా మాట ఇది. ఓడరేవు, ఉక్కు, మందుల పరిశ్రమ, రొయ్యలు, నౌకాదళం. వీటికి సంబంధించిన ప్రదర్శన అయితే విశాఖకు రావడానికి కారణం ఉంది. మెడ్‌టెక్ జోన్‌లో కలాం కన్వెన్షన్ సెంటర్ పెట్టుకున్నారు, ఎందుకంటే వైద్య పరికరాలు తయారుచేసేవాళ్ళు అక్కడే ఉన్నారు. పరిశ్రమ దగ్గర హాలు పుట్టడం సహజం. హాలు కట్టి పరిశ్రమ కోసం ఎదురుచూడటం జూదం.


పందిరిరాట
ఆదివారం, మధ్యాహ్నం 2:20

నిన్నటి నుంచి ఒక విషయం నన్ను తొలుస్తోంది. లెక్కలపద్దు గారు 120 రోజులు అన్నారు. ఆ 120 రోజులు ఏ నెలల్లో అన్నది మన పంచాంగం చూడకుండా చెప్పలేం. సదస్సులు లేనప్పుడు పెళ్ళిళ్ళతో నింపుతాం అంటారు అందరూ. నాకు తెలిసిన పని కాబట్టి చెబుతున్నాను, అది కుదరదు.

పెళ్ళిళ్ళు ఎప్పుడు? మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తికం, మార్గశిరం. ఆషాఢంలో లేవు, భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు. గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే ఉన్న నెలలు కూడా పోతాయి. మంచి ముహూర్తం ఒకటి పడిందంటే ఆ ఒక్కరోజు ఊళ్ళో హాళ్ళన్నీ నిండిపోతాయి, మర్నాడు అన్నీ ఖాళీ.

సదస్సులు ఎప్పుడు? చలికాలంలో. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. కార్తిక మార్గశిరాల్లో, మళ్ళీ మాఘంలో పెళ్ళివాళ్ళూ కావాలంటారు, సదస్సులవాళ్ళూ కావాలంటారు. ఆషాఢ భాద్రపదాల్లో వానల్లో ఇద్దరూ రారు. అంటే నిండే రోజులు నిండినవాటి మీదే పడతాయి, ఖాళీ రోజులు ఖాళీగానే ఉంటాయి. ఒక్క పుష్యం మాత్రమే కలిసొచ్చేది. ముహూర్తాలు లేని ఆ నెలలో సదస్సులు పెట్టుకోవచ్చు, కానీ సంక్రాంతికి పనివాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోతారు.

నా వృత్తికి వ్యతిరేకంగా కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే నిద్రపట్టదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను ఊళ్ళోనే ఉన్నాను. ఆ గాలి ముందు హ్యాంగరు ఏమిటి, కరెంటు టవర్లే వంగిపోయాయి. అక్టోబరు, నవంబరు మనకు తుపానుల నెలలు. వేలమందిని గుడారంలో కూర్చోబెట్టి సముద్రం వైపు చూస్తూ మూడు రాత్రులు నేను నిద్రపోని సందర్భాలు ఉన్నాయి. జనరేటర్లకు డీజిలు ఎంత కాలుతుందో కూడా నాకు తెలుసు. పందిరి చవక. కానీ దాని కింద భయం ఉంటుంది. ఆ భయానికి కూడా లెక్కలపద్దు గారు ఒక వెల కట్టాలి.


లెక్కలపద్దు
ఆదివారం, సాయంత్రం 5:45

పందిరిరాట గారూ, మీరు రాసిన పంచాంగం నాకు పెద్ద పాఠం. నేను ఏడాదిని ఒకే ముద్దగా తీసుకున్నాను. నెలవారీగా చూస్తే 120 రోజులు కూడా ఎక్కువేమో అనిపిస్తోంది. తుపాను మాట కూడా రాసుకున్నాను. గట్టి పైకప్పు ఉన్న భవనం విపత్తు రోజుల్లో ఆశ్రయంగా పనికొస్తే ఆ విలువ సదస్సుల లెక్కలో కాకుండా వేరే పద్దులో, నిజాయితీగా చూపాలి.

హార్బర్ పార్కు స్థలం చరిత్ర కూడా ఇక్కడ అవసరం. 2018 ఫిబ్రవరిలో అక్కడ లులు సంస్థ సమావేశ కేంద్రానికి, మాల్‌కు, హోటలుకు శంకుస్థాపన జరిగింది. 2019లో ఆ భూకేటాయింపు రద్దయింది. 2025లో మళ్ళీ అదే సంస్థకు సుమారు 13 ఎకరాల 70 సెంట్లు ఇచ్చారు, ఈసారి షాపింగ్ మాల్ కోసం. ఏ ప్రభుత్వం చేసింది ఒప్పు అన్నది నాకు ఇక్కడ ముఖ్యం కాదు. ప్రైవేటు సంస్థ వచ్చినప్పుడు మాల్‌ను, హోటల్‌ను ఎందుకు కలుపుకుంటుందో గమనించండి. సమావేశ కేంద్రం తనంతట తాను నిలబడదని వాళ్ళకు తెలుసు. మాల్ అద్దెలు దాన్ని మోయాలి. ప్రభుత్వమే ఒంటరిగా కట్టాలంటే ఆ మోసే భుజం ఎవరిదో చెప్పాలి.


హోటల్ ముందుబల్ల
ఆదివారం, రాత్రి 9:15

బీచ్ రోడ్డు మీద ఒక హోటల్లో పనిచేస్తాను. పెద్ద సదస్సు ఉన్న రెండు రోజులు గదులు దొరకవు, రేట్లు రెట్టింపవుతాయి. మామూలుగా తిరుపతి, అరకు చూసుకొని వచ్చే కుటుంబాలు ఆ రేట్లు చూసి వెనక్కి వెళ్ళిపోతాయి. వాళ్ళు పోగొట్టుకున్న గదుల లెక్క కూడా మీ పద్దులో పెట్టండి. వచ్చినవాళ్ళనే లెక్కపెట్టి రానివాళ్ళను వదిలేయకండి.


గోస్తని
సోమవారం, రాత్రి 8:50

రెండు రోజులుగా మీరందరూ రాసినవి అచ్చు తీసుకొని పెన్సిలుతో గీతలు గీస్తూ చదివాను. ఈ రోజు ఒక పని చేశాను. మా అన్నయ్య పిల్లల వైద్యులు, ఒక వృత్తి సంఘానికి కార్యదర్శిగా కూడా చాలా కాలం ఉన్నారు. "అన్నయ్యా, మీ సదస్సులు విశాఖలో జరపాలనుకొని కుదరక వేరే ఊరికి వెళ్ళినవి ఎన్ని?" అని అడిగాను. ఆయన డైరీలు తీశారు. మూడు దొరికాయి.

ఒకటి భువనేశ్వర్‌కు, రెండు హైదరాబాదుకు వెళ్ళాయి. "హాలు చాలక వెళ్ళాయా?" అని అడిగాను. ఒక్కదాంట్లో కూడా హాలు కారణం కాదట. రెండింటికి విమానాలు కుదరలేదు, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్ళకు రెండు చోట్ల మారవలసి వచ్చింది. మూడోదానికి వెయ్యిన్నర మందికి ఒకేచోట, ఒకే రేటులో గదులు దొరకలేదు. నేను శనివారం ఉదయం రాసిన మొదటి పోస్టులో ఈ రెండింటి ప్రస్తావన లేనే లేదు.

నా కోరిక చావలేదు, ఆ మాట చెప్పాలి. మాదాపూర్ మిత్రులు కాఫీ వరుస గురించి రాసింది చదివినప్పుడు మా వీధి పిల్లలకు కూడా ఆ అదృష్టం ఉండాలనిపించింది. అయితే నేను ఇప్పుడు అడిగేది మారింది. వేల కుర్చీల పెద్ద మందిరం కాదు. తడికెలు లాగితే ముక్కలయ్యే వెయ్యిన్నర మంది హాలు, పక్కన తెరవెనుక గారు అడిగిన మూడు వందల యాభై కుర్చీల రంగస్థలం, బయట లారీ తిరిగేంత చదునైన నేల. ఆ నేల మీద ఐదేళ్ళకోసారి పెద్ద సదస్సు వస్తే పందిరిరాట గారు హ్యాంగర్లు వేస్తారు, మిగతా రోజుల్లో పుస్తకాల పండగ జరుగుతుంది. కట్టడం కూడా భోగాపురం కుదురుకున్నాక, రెండేళ్ళు నిజమైన అంకెలు చూశాక.

ఆ అంకెలు ఎవరో సలహాదారు వచ్చి చెప్పేదాకా ఆగడం ఎందుకు? ఈ వేదికలో వృత్తి సంఘాలు, కళా సంఘాలు నడిపేవాళ్ళు చాలామంది ఉన్నారు. గత ఐదేళ్ళలో మీరు జరిపిన, జరపాలనుకొని జరపలేకపోయిన ప్రతి కార్యక్రమానికి ఒక్కో వరుస రాయండి: నెల, ఎంతమంది, అందులో బయటి ఊరివాళ్ళు ఎందరు, ఎన్ని రాత్రులు ఉన్నారు, కట్టిన అద్దె, కుదరకపోతే ఎందుకు కుదరలేదు. సంఘం పేరు అక్కర్లేదు. నేను పట్టికగా కడతాను. మా అన్నయ్యవి మూడు వరుసలు పైన పెట్టాను.


తెరవెనుక
సోమవారం, రాత్రి 9:20

నాది రాసుకోండి. సెప్టెంబరు. 280 మంది. బయటి ఊరివాళ్ళు ఆరుగురు, ఒక రాత్రి. కుదరలేదు. కారణం: నాలుగు రోజుల ముందు తేదీ రద్దు.


స్టాలు నంబరు 7
సోమవారం, రాత్రి 9:45

ఆక్వా పరికరాల ప్రదర్శన. జనవరి. రోజుకు సుమారు రెండువేల మంది, సగానికి పైగా భీమవరం, కాకినాడ, నెల్లూరు వైపు రైతులు. రాత్రికి ఎవరూ ఉండలేదు, బస్సుల్లో తిరిగి వెళ్ళారు. మైదానంలో వేశాం. కుదిరింది.


పందిరిరాట
సోమవారం, రాత్రి 10:10

నా కొట్టులో 2011 నుంచి బిల్లు పుస్తకాలు ఉన్నాయి. ప్రతి బిల్లులో తేదీ, కుర్చీల సంఖ్య ఉంటాయి. ఆదివారం కూర్చొని నెలలవారీగా తీసి పంపిస్తాను. పెళ్ళిళ్ళు ఒక రంగు, సభలు ఇంకో రంగు.